పద్నాలుగు పిల్లులు, అరవై ఫ్లాట్లు

హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరమే రాశారు. పేరు, ఏరియా చెప్పొద్దన్నారు. సారాంశం ఇది.

ఆవిడకి ముప్ఫై ఎనిమిదేళ్లు. భర్త, తొమ్మిదేళ్ల కూతురు, అత్తగారు. అరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌లో అద్దెకుంటున్నారు. మూడేళ్ల క్రితం వానాకాలంలో, సెల్లార్‌లో జనరేటర్ పక్కన ఒక చారల పిల్లి తడిసి వణుకుతుంటే, రాత్రి మిగిలిన చేప ముక్క పెట్టారు. మర్నాడు అదే వేళకి అది లిఫ్ట్ దగ్గర కూర్చుని ఉంది. అలా మొదలైంది. ఇప్పుడు సెల్లార్‌లో పద్నాలుగున్నాయి. వాటిలో మూడు ఈమధ్యే పుట్టిన కూనలు. రోజూ రాత్రి భోజనాలయ్యాక ఈవిడే కిందికి దిగి, అన్నంలో ఉడికించిన చికెన్ ముక్కలు కలిపి పెడతారు, గిన్నెలో పాలు పోస్తారు.

ఫిర్యాదులు ఒకటొకటిగా పెరిగాయి. బైకు సీట్లు చీరేస్తున్నాయని, సెల్లార్ కంపు కొడుతోందని, అర్ధరాత్రి పోట్లాటలకి నిద్రలుండటం లేదని. చలికాలంలో ఒక కూన కారు బానెట్‌లో దూరి, పొద్దున్నే స్టార్ట్ చేసేసరికి చచ్చిపోయింది. ఆ కారాయన రెండు రోజులు అన్నం తినలేదట. ఆ తర్వాత నుంచి పిల్లుల మీద అందరికన్నా ఎక్కువ కోపం ఆయనకే. మూడో అంతస్తులో ఒకమ్మాయి గర్భిణి. పిల్లుల జోలికి పోవద్దని డాక్టర్ చెప్పారని భయపడుతోంది. పోయిన నెల మీటింగ్‌లో, ఎవరినో పిలిపించి అన్నిటినీ గోనెసంచుల్లో పట్టించి ఊరవతల వదిలేయాలని నిర్ణయించారు. ఎనిమిది వేలకి మాట్లాడారు.

ఆ రాత్రి ఈవిడ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక కూన ఏడుస్తున్న వీడియో పెట్టి, కింద "మీరంతా హంతకులు" అని రాశారు. నలుగురు గ్రూపులోంచి వెళ్లిపోయారు. సెక్రటరీ ఇంటి ఓనర్‌కి ఫోన్ చేశారు. ఓనర్ భర్తకి ఫోన్ చేసి "పిల్లులో, ఇల్లో తేల్చుకోండి" అన్నారు. రెండు వారాలుగా భర్త ముక్తసరిగా మాట్లాడుతున్నారు. అత్తగారు "పొద్దున్నే గుమ్మం దాటితే పిల్లి ఎదురు. ఇంక ఈ ఇంటికేం కలిసొస్తుంది" అంటున్నారు. శనివారం కూడా వంటింట్లో చికెన్ ఉడుకుతోందని ఇంకో బాధ. కూతురు అన్నిటికీ పేర్లు పెట్టుకుంది. "సంచిలో పెడితే ఊపిరాడుతుందా అమ్మా?" అని అడుగుతోందట.

వచ్చే ఆదివారం మళ్లీ మీటింగ్. "పోలీసులకి ఫిర్యాదు చేయనా? తిండి పెట్టడం మానేయనా? అన్నిటినీ ఇంట్లోకి తెచ్చేసుకోనా? అసలు వీళ్లకి మూగజీవాల బాధ తెలిసేలా ఎలా చెప్పాలి?" ఇవీ ఆవిడ ప్రశ్నలు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ తరఫున కోపం వచ్చింది. రెండోసారి మీ సెక్రటరీ గారి మీద కాస్త జాలి వేసింది. రెండూ చెప్తాను, ఏమీ అనుకోకండి.

ముందు గోనెసంచి సంగతి. ఇది నాకు ఎక్కడో చదివి తెలిసింది కాదు. నాకు పదేళ్లప్పుడు మా అటక మీద ఒక పిల్లి పిల్లల్ని పెట్టింది. పాలు దక్కనివ్వడం లేదని మా మామయ్య దాన్ని గోతంలో వేసి మూతి కట్టి, కాలవ అవతల వదిలి రమ్మని నాకిచ్చాడు. సైకిల్ క్యారేజీ మీద పెట్టుకుని వెళ్లాను. దారంతా గోతం కదులుతూనే ఉంది. విప్పగానే తుమ్మచెట్లలోకి పారిపోయింది. నాలుగోరోజు తెల్లవారుజామున దొడ్లో అరుపు. వెనక కాలు ఒకటి ఈడుస్తోంది. అప్పటికే అటక మీద కూనలు చచ్చిపోతే అమ్మమ్మ తీయించి పూడ్పించింది. అది మూడు రోజులు అటక కింద అరుస్తూ తిరిగింది. ఆ తర్వాత పాలగిన్నెలో మూతి పెట్టినా మా ఇంట్లో ఎవరూ దాన్ని అదిలించలేదు.

మీ కమిటీకి ఈ కథ చెప్పకండి. వాళ్లకి చెప్పాల్సింది వేరే: ఆ ఎనిమిది వేలూ దండగ. పిల్లులు మీ సెల్లార్‌కి మీ మొహం చూసి రాలేదు. వాన తగలని చోటుంది, మూతల్లేని చెత్తడబ్బాలున్నాయి, ఎలుకలున్నాయి. పద్నాలుగింటినీ ఊరవతల పారేసినా ఆ చోటు అలాగే ఉంటుంది. కొన్ని నెలల్లో పక్క వీధుల పిల్లులు వచ్చి నిండుతాయి. వచ్చేవి ఆపరేషన్ కానివి, కాబట్టి మళ్లీ పిల్లల్ని పెడతాయి. పిల్లుల్ని పట్టి తరలించే పద్ధతి చాలా చోట్ల ఇలాగే బెడిసికొట్టింది. ఇక వదిలేసిన పిల్లి సంగతి తెలిసిందే. దానికి ఆ చోట నీళ్లెక్కడో తెలియదు, అప్పటికే ఉన్న పిల్లులు రానివ్వవు, కుక్కలు ఊరుకోవు. తల్లిని తీసుకుపోతే మీ మూడు కూనలూ సెల్లార్‌లోనే ఎక్కడో మూల చస్తాయి. ఆ వాసనకి మళ్లీ మీటింగ్ పెట్టుకోవాలి.

ఇక్కడ మీ వాదన ఒకటి కాస్త తగ్గించుకోండి. పిల్లులు పోతే ఎలుకలొచ్చి పడతాయని గ్రూపులో రాశానన్నారు. చుంచెలుకల వరకూ నిజమే. కానీ రోజూ కడుపునిండా చికెన్ తినే పిల్లి పందికొక్కు జోలికి పోదు. మీ ఎదుటివాళ్లు సెల్లార్‌లో పందికొక్కుని చూసిన రోజు, మీరు చెప్పిన మిగతావి కూడా నమ్మరు.

తిండి మానేయడం. ఉన్నట్టుండి మానేస్తే అవి మాయమైపోవు. ఆకలికి పై అంతస్తులకి ఎక్కుతాయి, గుమ్మాల ముందు పెట్టిన చెత్త కవర్లు చింపుతాయి, కిటికీల్లోంచి వంటిళ్లలోకి దూరుతాయి. పాలిచ్చే తల్లికి పాలు తగ్గుతాయి. ఇప్పుడు సెల్లార్‌లో ఉన్న గొడవ అరవై ఇళ్లకీ పాకుతుంది. మానేయాలనుకుంటే అది పూర్తిగా మీ ఇష్టం, మిమ్మల్ని ఎవరూ తప్పు పట్టలేరు. కానీ నెలా రెండు నెలల్లో మెల్లగా తగ్గించాలి. అప్పుడు కూడా సంఖ్య పెరగకుండా ఏదో ఒకటి చేశాకే.

ఇంట్లోకి తెచ్చుకోవడం. వద్దు. అద్దె ఇల్లు, ఇంట్లో పెద్దావిడ, మాట్లాడని భర్త. వీటిని పక్కన పెట్టినా, పెద్ద పిల్లులకే అది ఇష్టముండదు. రెండు నెలల వయసు లోపు మనిషి చేతుల్లో మెలగని పిల్లి, తర్వాత ఎంత ముద్దు చేసినా మనిషిని నమ్మడం కష్టం. దాన్ని గదిలో పెట్టి తలుపేస్తే మీకు దయగా ఉంటుంది, దానికి జైలుగా ఉంటుంది. కూనల సంగతి వేరు. ఇప్పటి నుంచి రోజూ కాసేపు చేతిలోకి తీసుకుంటే మచ్చికవుతాయి. తెలిసినవాళ్లలో ఇల్లు దొరికితే ఇవ్వచ్చు. అయితే తల్లి దగ్గర రెండు నెలలు ఉండనిచ్చాకే. "పిల్లి పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుంది" అని ఊరికే అనలేదు. మనం మాటిమాటికీ తొంగిచూస్తే నోట కరుచుకుని ఇంకో మూలకి మార్చేస్తుంది. అప్పుడే బానెట్లలోకి చేరుతాయి. మీరు చూసిన ఆ ప్రమాదం అలాగే జరిగుండచ్చు.

పోలీసులు. చట్టం చాలావరకు మీవైపే ఉంది. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం జంతువుని బాధ కలిగేలా కట్టి తరలించడం నేరం, ఆకలిదప్పులతో అలమటించే చోట వదిలేయడమూ నేరమే. కానీ మొదటిసారి నేరానికి అందులో జరిమానా ఎంతో తెలుసా? పది రూపాయల నుంచి యాభై దాకా. అరవై ఏళ్లు దాటినా అదే లెక్క. పద్నాలుగు పిల్లుల ప్రాణం మీ సెల్లార్‌లో ఒక టీ ఖర్చు. చంపినా, విషం పెట్టినా, అవిటివాటిని చేసినా మాత్రం 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ వర్తిస్తుంది. దానికి ఐదేళ్ల దాకా జైలుంది. ఎవరైనా విషం మాట ఎత్తితే ఈ సెక్షన్ నెంబరు నెమ్మదిగా చెవిన వేయండి, చాలు.

ఇంకోటి మీకు ఎక్కువ పనికొస్తుంది. 2023లో కేంద్రం తెచ్చిన జంతు జనన నియంత్రణ నియమాలు ముఖ్యంగా కుక్కల కోసం రాసినవే. కానీ తిండి పెట్టే విషయం దగ్గర "సమాజంలో ఉండే జంతువులు" అన్న మాట వాడారు. యజమాని ఎవరూ లేకుండా మన మధ్య పుట్టి పెరిగినవన్నీ అందులోకి వస్తాయి. వాటికి ఎక్కడ, ఏ వేళకి పెట్టాలో పెట్టేవాళ్లతో మాట్లాడి ఏర్పాటు చేయాల్సింది అపార్ట్‌మెంట్ అసోసియేషనే అని ఉంది. పిల్లలాడుకునే చోట, రాకపోకల దారిలో, మెట్ల దగ్గర పెట్టకూడదనీ, పెట్టేవాళ్లు చెత్త చేయకూడదనీ కూడా ఉంది. గమనించండి, ఆ నియమం మీ చేతులూ కడుతుంది. మీరిప్పుడు పెడుతున్నది లిఫ్ట్ పక్కనే కదా?

స్టేషన్‌కి వెళ్తే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. పిల్లుల్ని పట్టించే పని ఆగుతుంది. మర్నాటి నుంచి మీరు అదే లిఫ్ట్‌లో, అదే మనుషులతో వెళ్లాలి. ఓనర్ ఫోన్ మళ్లీ వస్తుంది. సంచుల మనిషి నిజంగా గేటు దగ్గరికి వచ్చిన రోజుకి ఆ దారి దాచుకోండి. ఆ రోజు మాత్రం మొహమాటపడకండి.

ఇక నాకు సెక్రటరీ గారి మీద జాలి ఎందుకేసిందో చెప్తాను. మూడేళ్లలో ఒకటి పద్నాలుగైంది. అందులో మీ చెయ్యి ఉంది. కాస్త తిండి దొరికితే ఆడపిల్లికి నాలుగైదు నెలల వయసుకే చూలు నిలవగలదు. రెండు నెలలు మోస్తుంది, మూడు నుంచి ఐదు పిల్లల్ని పెడుతుంది. అవి పాలు తాగుతుండగానే మళ్లీ కట్టగలదు. ఏడాదికి రెండు మూడు ఈతలు మామూలే. పుట్టినవాటిలో చాలా చచ్చిపోతాయి, అది మీరు రాయలేదు గానీ చూసే ఉంటారు. ఒకరోజు బాగా ఆడుకుంటూ మర్నాటికి వాంతులు, విరేచనాలతో చచ్చిపోయిన కూనలు? అది తరచుగా పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్. ఆ చోట నెలల తరబడి బతికుండి తర్వాతి ఈతని కూడా పట్టుకుంటుంది. మీరు తిండి పెట్టి ఆగిపోవడంతో పుట్టేవీ పెరిగాయి, చచ్చేవీ పెరిగాయి. పెట్టడం తప్పని కాదు. సగంలో ఆగిపోయారు.

మిగతా సగం ఆపరేషన్. మనుషుల భాషలో కు.ని. ఆపరేషన్. పట్టుకుని, ఆపరేషన్ చేయించి, రేబిస్ టీకా వేయించి, మత్తులో ఉండగానే ఒక చెవి కొస కాస్త కత్తిరించి, తెచ్చి అదే చోట వదలడం. చెవి కొస ఎందుకంటే, దూరం నుంచి చూసినా దీనికి అయిపోయిందని తెలియాలి. లేకపోతే పాపం అదే పిల్లిని మళ్లీ పట్టి పొట్ట కోసేదాకా వస్తుంది. జపాన్‌లో చెవిని చిన్న నొక్కులా కత్తిరిస్తారు. అది చెర్రీ పువ్వు రేకులా ఉంటుందని వాటిని సకురా పిల్లులంటారు. మీ అమ్మాయికి ఈ ముక్క నచ్చుతుంది.

మీ అపార్ట్‌మెంట్ ఫిర్యాదుల్లో ఎన్ని దీంతో తీరతాయో చూడండి. సెల్లార్ కంపులో పెద్ద భాగం మగ పిల్లులు హద్దు గుర్తుగా గోడలకి, టైర్లకి చిమ్మే మూత్రం. ఆపరేషనైతే అది చాలా తగ్గుతుంది. అర్ధరాత్రి పోట్లాటలు ఆడపిల్లి ఎదకొచ్చినప్పటివి. అవీ తగ్గుతాయి. కొత్త కూనలుండవు, కాబట్టి బానెట్లలో దూరేవీ ఉండవు. బైకు సీట్లు మాత్రం ఆపరేషన్‌తో ఆగవు. గోళ్లు గీరుకోవడం వాటికి అవసరం. ఒక పాత దుంగకి కొబ్బరితాడు గట్టిగా చుట్టి అవి పడుకునే చోట నిలబెట్టండి. చిరిగిన రెండు మూడు సీట్లకి కవర్లు మీ డబ్బుతో వేయించి ఇవ్వండి. ఆ రెండు వందల ఖర్చు మీ వీడియో కంటే ఎక్కువ మాట్లాడుతుంది.

పని ఎలా నడుస్తుందంటే. వాటిని చేత్తో పట్టకండి, పైట కప్పి పట్టే సాహసాలూ వద్దు. తలుపు దానంతటదే పడే బోనులుంటాయి, జంతు సంక్షేమ సంస్థల దగ్గర అడిగితే ఇస్తారు. హైదరాబాద్‌లో బ్లూ క్రాస్ 1992 నుంచి ఉంది. నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది. ముందు ఫోన్ చేసి పిల్లులకి ఆపరేషన్ ఏ రోజుల్లో చేస్తారో, ఎన్ని తీసుకుంటారో కనుక్కోండి. చోటుని బట్టి ఖర్చు చాలా మారుతుంది కాబట్టి రెండు మూడు చోట్ల అడగండి. ముందురోజు తిండి పెట్టకుండా ఉంచితే ఆకలికి బోనులోకి వస్తాయి. పడగానే బోను మీద దుప్పటి కప్పాలి, చీకటైతే గింజుకోవడం ఆపుతాయి. ఆపరేషన్ తర్వాత మగదాన్ని ఒకరోజు, ఆడదాన్ని కనీసం రెండు మూడు రోజులు కనిపెట్టి ఉండాలి. కుట్ల సంగతి డాక్టర్‌నే అడగండి. డబ్బు చాలకపోతే ముందు ఆడవాటికి చేయించండి. ఏడాదిలో సగం చేయించి ఆపేస్తే మిగతా సగం లెక్క సరిచేసేస్తుంది, కాబట్టి సాగదీయకండి.

తిండి గురించి నాలుగు మాటలు. రోజూ ఒకే వేళకి, సెల్లార్ వెనక మూల, జనం నడవని చోట. అరగంటలో తిన్నది తినగా మిగిలింది తీసేసి కడగాలి. పాలు మానేయండి. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. మీ సెల్లార్‌లో పలచటి విరేచనాలకి ఆ గిన్నె కూడా ఒక కారణం కావచ్చు. నీళ్లు చాలు. పులుసు ముక్కలు వద్దు, ఉల్లి, వెల్లుల్లి వాటి రక్తానికి చేటు. పెరుగన్నంతో పిల్లి బతకదు, దానికి మాంసం కావాలి. జ్వరంగా ఉందని ఎప్పుడూ పారాసిటమాల్ ఇవ్వకండి, ఒక్క మాత్ర చాలు ప్రాణం తీయడానికి. సెల్లార్ కడిగే ఫినాయిల్ కూడా వాటికి విషమే. నేల మీద తొక్కి, పాదాలు నాక్కుంటాయి. సబ్బునీళ్లతో కడిగించండి. వెనక గోడ దగ్గర ఇసుక పోసిన తొట్టి రెండు పెడితే ఎక్కువ భాగం అందులోనే పోతాయి. రోజూ తీయాలి.

ఆ తీసేదెవరు? మీ ఉత్తరంలో వాచ్‌మన్ భార్య గురించి ఒక్క వాక్యం ఉంది. "పాపం ఆవిడ కూడా పిల్లులంటే ఇష్టపడుతుంది." ఇష్టపడుతుందో లేదో గానీ, మూడేళ్లుగా సెల్లార్ కడుగుతున్నది ఆవిడ. మీరు పెట్టి పైకి వెళ్లిపోతారు. కంపు గురించి తిట్లు తినేది వాళ్లిద్దరూ. అందరికంటే ముందు కూర్చోబెట్టి మాట్లాడాల్సింది వాళ్లతో. ఈ పనికి నెలకింతని మీ దగ్గర నుంచి ఇవ్వండి. ఇవ్వలేకపోతే చీపురు మీరే పట్టండి. పదిరోజులు మీరు కడుగుతుంటే అపార్ట్‌మెంట్ మొత్తం చూస్తుంది.

మూడో అంతస్తు అమ్మాయి భయాన్ని కొట్టిపారేయకండి. అది మూఢనమ్మకం కాదు. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పిల్లి మలంలో రావచ్చు. గర్భిణికి కొత్తగా సోకితే బిడ్డకి ప్రమాదం. కానీ పిల్లి పక్కనుంచి వెళ్లినంత మాత్రాన రాదు. పిల్లికి మొదటిసారి సోకినప్పుడు ఒకటి నుంచి మూడు వారాల పాటే మలంలో వదులుతుంది. ఆ మలం ఒకరోజైనా అలా పడుంటేనే సోకే స్థితికి వస్తుంది. అందుకే ఏ రోజుకారోజు తీసేయడం ముఖ్యం. సరిగా ఉడకని మాంసం, కడగని కూరగాయలు, మట్టి అంటిన చేతుల వల్ల సోకడమూ తక్కువేమీ కాదు. ఆ అమ్మాయి తన డాక్టర్‌ని అడిగితే, ఇదివరకే సోకిందో లేదో రక్త పరీక్షలో తెలుస్తుంది. ఇదంతా మీరే వెళ్లి పాఠంలా అప్పజెప్పకండి. వెళ్లి, "నీకు డెలివరీ అయ్యేదాకా మీ పార్కింగ్ వైపు పిల్లులు రాకుండా చూసే పూచీ నాది, రోజూ శుభ్రం చేయిస్తాను" అనండి. వివరాలు తను అడిగితే చెప్పండి.

పిల్లలెవరినైనా గీరినా, కొరికినా దాచొద్దని మీ అమ్మాయితో సహా అందరికీ చెప్పండి. పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదేరోజు రేబిస్ టీకాకి వెళ్లాలి. పిల్లికి టీకా వేయించాం కదా అని మానేయకూడదు. ఆపరేషన్‌తో పాటు వేసిన టీకా ఏటా మళ్లీ వేయించాలి. అది చాలామంది మర్చిపోతారు.

ఇంట్లో సంగతి. అత్తగారి అసలు బాధ శకునం కాదేమోనని నా అనుమానం. శకునాలు నమ్మే పెద్దవాళ్లే, పిల్లిని చంపితే ఆ పాపం పోవడానికి బంగారు పిల్లిని చేయించి దానం ఇవ్వాలని కూడా నమ్ముతారు. అడిగి చూడండి, ఆవిడకి తెలిసే ఉంటుంది. ఆ గోనెసంచి పాపం ఈ ఇంటి మీదికి రాకూడదని ఆవిడే అనచ్చు. బాధంతా శనివారం వంటింట్లో చికెన్ దగ్గర ఉంది. ఆవిడ పూజ చేసుకునే ఇంట్లో ఆవిడని అడగకుండా మొదలెట్టారు. చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్ ఒకటి కొని బాల్కనీలో పెట్టుకోండి, గిన్నెలు వేరు చేయండి. శనివారం ప్యాకెట్ తిండి వేయండి. ఈ మార్పు ఆవిడకి చెప్పకుండా చేయకండి, "మీకు ఇబ్బందిగా ఉందని తెలిసి మార్చానత్తయ్యా" అని చెప్పి చేయండి.

మీవారిది పిల్లుల మీద కోపం కాదు, ఇల్లు ఖాళీ చేయమంటే అమ్మాయి స్కూలు, అడ్వాన్సు, కొత్త ఇల్లు వెతకడం, ఆ టెన్షన్. గ్రూపులో "హంతకులు" అని రాసేముందు మీరు ఆయన్ని అడగలేదు. ఓనర్ ఫోన్ వచ్చింది ఆయనకి. ఆ ఒక్క విషయానికి సారీ చెప్పండి. నెలకి పిల్లుల మీద ఇంత మించి ఖర్చు పెట్టనని ఒక అంకె కూడా చెప్పండి. తర్వాత ఓనర్‌తో మాట్లాడమని అడగచ్చు. ఆయన ఒప్పుకోకపోవచ్చు కూడా. అప్పుడు ఓనర్‌తో మీరే మాట్లాడండి.

మూగజీవాల బాధ వీళ్లకి ఎలా తెలుస్తుందని అడిగారు. బాధ చూపిస్తే తెలుస్తుందనుకున్నారు, తెలియలేదు. ఏడుస్తున్న కూన వీడియో చూసినవాడికి ముందు తనని దోషిని చేస్తున్నారనిపిస్తుంది, ఆ తర్వాత ఫోన్ పక్కన పెట్టేస్తాడు. కారాయన్ని చూడండి. ఆయనకి బాధ తెలియకనా? ఎక్కువై కోపంగా మారింది. మీరు మీటింగ్ కంటే ముందు ఆయన దగ్గరికి వెళ్లండి. "అందులో మీ తప్పేం లేదు. అన్ని కూనలు పుట్టకుండా నేనే ముందు చూసుకోవాల్సింది" అనండి. అబద్ధం కాదు కదా అది. పొద్దున్నే కారు తీసేముందు బానెట్ మీద రెండు దెబ్బలు చరిస్తే దాక్కున్నవి బయటికి దూకుతాయని లిఫ్ట్‌లో ఒక కాగితం అంటిద్దామా అని ఆయన్నే అడగండి. ఆ కాగితం ఆయన చేతిరాతతో ఉంటే మీ రాతకంటే పది రెట్లు నయం.

సెక్రటరీ గారిని కూడా ఆదివారంలోపు విడిగా కలవండి. నలుగురి ముందు వెనక్కి తగ్గడం ఎవరికైనా చిన్నతనమే. గ్రూపులో మాటకి క్షమాపణ అడగండి, కానీ పిల్లుల్ని వదిలేస్తానని మాటివ్వకండి. మీరు అడగాల్సింది మూడు నెలల గడువు. ఒక కాగితం మీద రాసుకెళ్లండి: మొత్తం ఎన్ని, ఆడవెన్ని, మగవెన్ని, ఏ వారం ఎన్నిటికి ఆపరేషన్, తిండి ఎక్కడ, శుభ్రం ఎవరు, ఫిర్యాదు వస్తే ఎవరికి ఫోన్ చేయాలి. సంచుల మనిషికి ఇద్దామనుకున్న ఎనిమిది వేలలో సగమైనా ఆపరేషన్లకి అడగండి. ఇవ్వకపోతే పట్టుబట్టకండి, గడువు దక్కితే అదే ఎక్కువ. మిగతా డబ్బు చందాగా రావచ్చు. అరవై ఇళ్లలో పిల్లిని ముద్దు చేసేవాళ్లు మీరొక్కరే అయ్యుండరు. గ్రూపులో నోరు మెదపనివాళ్లు ఇద్దరు ముగ్గురుంటారు, వాళ్లని వెతకండి. ఒక్కరు చేస్తే అది "ఆవిడ పిల్లులు". నలుగురు చేస్తే అపార్ట్‌మెంట్ పిల్లులు.

మొదటి చెవి కొస కత్తిరించిన పిల్లి తిరిగొచ్చాక దాని ఫొటో ఒక్కటి గ్రూపులో పెట్టండి. కింద "దీనికి ఆపరేషన్, టీకా అయ్యాయి. ఇక పిల్లల్ని పెట్టదు" అని మాత్రమే రాయండి. ఏడుపు బొమ్మలు, దణ్ణాలు వద్దు. మీ అమ్మాయి పెట్టిన పేర్లతో ఒక చార్టు గీయించి లిఫ్ట్ పక్కన అంటించండి. అయిపోయినవాటి పక్కన టిక్కు కొట్టే పని తనది. పిల్లలు లెక్కపెట్టడం మొదలెడితే పెద్దవాళ్లు వింటారు. కానీ ఆదివారం మీటింగ్‌కి తనని తీసుకెళ్లకండి. ఒకవేళ గడువు ఇవ్వకపోతే, ఆ గొడవ తొమ్మిదేళ్ల పిల్ల కళ్లముందు జరగకూడదు. సంచిలో ఊపిరాడుతుందా అని అడిగింది కదా. "సరిగా ఆడదు. అందుకే సంచులు వద్దని చెప్పడానికి వెళ్తున్నాను" అని చెప్పండి. వదలరని మాత్రం హామీ ఇవ్వకండి, అది మీ చేతిలో పూర్తిగా లేదు.

గడువు ఇవ్వకుండా సంచులే అన్నారనుకోండి. అప్పుడు ఆ 2023 నియమాల కాపీ జతచేసి, జంతు సంక్షేమ సంస్థ నుంచి ఒకరిని వెంటబెట్టుకుని, మీతో ఉన్న ముగ్గురి సంతకాలతో మీ అభ్యంతరాన్ని రాతపూర్వకంగా అసోసియేషన్‌కి ఇచ్చి, ఆ కాపీ పోలీస్ స్టేషన్‌లో ఇవ్వాల్సి వస్తుంది. అద్దెకున్నవాళ్లుగా దాని ధర ఎంతో మీకు తెలుసు. ఆ నిర్ణయం మీరూ మీవారూ కూర్చుని తీసుకోవాల్సిందే. నేను బయట నుంచి చెప్పేది కాదు.

ఈలోగా ఒక పని చేయండి. ఆ మూడు కూనల కళ్లు దూరం నుంచి చూడండి. ఇంకా నీలంగానే ఉన్నాయా, రంగు మారుతున్నాయా? నీలంగా ఉంటే నెలా నెలన్నర లోపువి, తల్లిని ఇప్పుడే బోనులో పెట్టకూడదు. వరసలో దాన్ని చివరికి ఉంచి, మిగతా ఆడవాటితో మొదలెట్టండి. రంగు తిరుగుతుంటే, ఆపరేషన్లు మొదలెట్టిన మూడో నాలుగో వారానికి తల్లి పేరు కూడా చార్టులో రాయచ్చు.